ఆగిపోయిన దూరప్రయాణ రైలు మార్గాల పునరుద్ధరణ: అమెరికా గల్ఫ్ తీర అనుభవం

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• దూరప్రయాణ రైలును ఆపడం తేలిక, తిరిగి నడపడం కష్టం ఎందుకో వివరించగలుగుతారు.
• పునరుద్ధరణకు ఎదురయ్యే నాలుగు ముఖ్య అవరోధాలను గుర్తించగలుగుతారు.
• అమెరికా పరిస్థితిని భారతీయ రైల్వేలతో పోల్చగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను అమెరికా దక్షిణ తీరాన్ని తాకింది. న్యూ ఆర్లీన్స్ నుంచి తూర్పున ఫ్లోరిడా వైపు వెళ్లే రైలు మార్గం, వంతెనలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఆ దారిన వారానికి మూడు రోజులు నడిచే 'సన్‌సెట్ లిమిటెడ్' ప్రయాణం అప్పటినుంచి న్యూ ఆర్లీన్స్‌తోనే ముగుస్తున్నది. పట్టాల యజమాని సి.ఎస్.ఎక్స్. కంపెనీ కొద్ది నెలల్లోనే మార్గాన్ని బాగుచేసి గూడ్సు రైళ్లు నడిపింది. ప్రయాణికుల రైలు మాత్రం రాలేదు. చివరకు 2025 ఆగస్టు 18న, అదీ మార్గంలో ఒక చిన్న భాగంలోనే, మళ్లీ నడిచింది. మధ్యలో 20 ఏళ్లు గడిచిపోయాయి.

పట్టాలు ఉన్నాయి, ఊళ్లు ఉన్నాయి, ఎక్కేవాళ్లూ ఉన్నారు. మరి రైలు ఎందుకు రాలేదు? రైలు మార్గం అంటే పట్టాలు మాత్రమే కాదు. పట్టాలను వాడుకునే హక్కు, నష్టాన్ని భరించే ఖజానా, బోగీలు, స్టేషన్లు అనే నాలుగు ఏర్పాట్లు కలిస్తేనే అది మార్గం అవుతుంది. వీటిలో ఒక్కటి తప్పినా రైలు ఆగిపోతుంది. తిరిగి నడవాలంటే నాలుగూ ఒకేసారి కుదరాలి. ఈ భాగంలో మనం గమనించవలసిన ప్రధాన విషయం ఇదే.

7.2 నేపథ్యం

అమెరికాలో రైలు మార్గాలు మొదటినుంచీ ఎక్కువగా ప్రైవేటు కంపెనీలవే. కార్లు, విమానాలు పెరిగిన తరవాత ప్రయాణికుల రైళ్లు ఆ కంపెనీలకు భారమయ్యాయి. 1970లో చేసిన చట్టం ప్రకారం ఏర్పడిన ఆమ్‌ట్రాక్ సంస్థ 1971 మే 1 నుంచి ఆ రైళ్లను నడపసాగింది. రైళ్లు ఆమ్‌ట్రాక్ చేతికి వచ్చాయి కాని, పట్టాలు చాలావరకు కంపెనీల దగ్గరే ఉండిపోయాయి.

1979లో ఖర్చు తగ్గించే ప్రయత్నంలో అనేక దూరప్రయాణ రైళ్లను రద్దు చేశారు. షికాగో నుంచి దక్షిణ మోంటానా మీదుగా సియాటిల్ వెళ్లే 'నార్త్ కోస్ట్ హయావాతా' వాటిలో ఒకటి. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి 2020లో మోంటానాలోని 12 కౌంటీలు కలిసి ఒక ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. ఒక తరం కాలం దాటినా ఆ ఊళ్లు తమ రైలును మరచిపోలేదన్నమాట.

7.3 పునరుద్ధరణకు అవరోధాలు

7.3.1 పట్టాలపై హక్కు: గూడ్సు రైళ్ల కంటే ప్రయాణికుల రైళ్లకు ముందు దారి ఇవ్వాలని అమెరికా చట్టం 1973 నుంచి చెబుతున్నది. అయితే ఉల్లంఘన జరిగితే ఆమ్‌ట్రాక్ స్వయంగా దావా వేయలేదు. న్యాయశాఖే వేయాలి. ఆ శాఖ 1979లో ఒకసారి, 2024లో మరొకసారి మాత్రమే కోర్టుకు వెళ్లింది. ఈలోగా గూడ్సు రైళ్ల పొడవు బాగా పెరిగింది. లూప్ లైనులో పట్టనంత పొడవైన గూడ్సు ఎదురైతే, చట్టం ఏం చెప్పినా పక్కకు తప్పుకుని నిలబడవలసింది ప్రయాణికుల రైలే.

7.3.2 నష్టాన్ని ఎవరు భరించాలి?: దూరప్రయాణ రైళ్లకు టికెట్ల ఆదాయం ఖర్చులకు సరిపోదు. 2008 చట్టం ఇక్కడ ఒక గీత గీసింది. 750 మైళ్లు, అంటే సుమారు 1,200 కిలోమీటర్లు దాటిన మార్గాల భారం కేంద్ర ప్రభుత్వానిది. అంతకు తక్కువైతే చాలావరకు రాష్ట్రాలది. పొడవైన మార్గం కావాలంటే కేంద్ర చట్టసభను ఒప్పించాలి. పొట్టి మార్గం కావాలంటే దారిలోని ప్రతి రాష్ట్రాన్నీ ఒప్పించాలి. ఒక్క రాష్ట్రం వెనకాడినా పని నిలిచిపోతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. 'విమానం ఉండగా రెండు రోజుల రైలు ఎవరెక్కుతారు?' అని కొందరు ప్రశ్నిస్తారు. ఈ రైళ్లలో ఎక్కువమంది మొదటి స్టేషన్ నుంచి చివరి స్టేషన్ దాకా వెళ్లరు. మధ్యలోని చిన్న ఊళ్లలో ఎక్కి, మధ్యలోనే దిగుతారు. అందువల్ల దూరప్రయాణ రైలును విమానంతో కాక, ఆ ఊళ్లకు ఉన్న ఇతర రవాణా సౌకర్యాలతో పోల్చి చూడాలి.

7.3.3 బోగీల కొరత: ఆమ్‌ట్రాక్ రెండంతస్తుల దూరప్రయాణ బోగీలు 1979-81లోను, 1990ల మధ్యలోను తయారైనవి. మొదటి విడత బోగీలు చేసిన కంపెనీ ఆ వ్యాపారమే మానుకుంది. కొత్తవి ఆర్డరు చేస్తే చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. మార్గం ఖాయం కానిదే బోగీలు కొనరు, బోగీలు లేనిదే మార్గం ఖాయం కాదు.

7.3.4 స్టేషన్లు, రోజువారీ సేవ: రైలు ఆగిన కొన్నేళ్లకు ప్లాట్‌ఫారాలు శిథిలమవుతాయి. మళ్లీ కట్టేటప్పుడు 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టానికి అనుగుణంగా కట్టాలి. ఖర్చు తగ్గించడానికి వారానికి మూడు రోజులే నడిపితే సరిపోదా? 1990ల మధ్యలో ఆమ్‌ట్రాక్ అలా చేసి చూసింది. స్టేషన్లు, మరమ్మతు షెడ్ల ఖర్చు పెద్దగా తగ్గలేదు. ప్రయాణికులు తగ్గారు. ఆశించిన పొదుపు రాలేదు.

7.4 గల్ఫ్ తీరంలో ఏం జరిగింది?

లూసియానా, మిసిసిపి, అలబామా రాష్ట్రాల ఉమ్మడి రైలు సంఘం ఏళ్ల తరబడి ప్రయత్నించింది. 2016లో పరిశీలన రైలు ఒకటి ఆ మార్గంలో వెళ్లింది. దాన్ని చూడడానికి జనం స్టేషన్లకు తరలివచ్చారు. అయినా పట్టాల యజమానులైన సి.ఎస్.ఎక్స్., నార్‌ఫోక్ సదరన్ కంపెనీలు ఒప్పుకోలేదు. పెద్ద ఎత్తున కొత్త నిర్మాణాలు చేపట్టకపోతే గూడ్సు రవాణా దెబ్బతింటుందని వాదించాయి. మొబీల్ రేవు అధికారులూ అభ్యంతరం చెప్పారు. ఈ అభ్యంతరాన్ని తేలికగా తీసివేయలేం. ఓడలు వచ్చినప్పుడల్లా తెరవవలసిన వంతెనలు ఆ మార్గంలో ఉన్నాయి. రేవుకు గూడ్సే జీవనాధారం.

2021 మార్చిలో ఆమ్‌ట్రాక్ ఉపరితల రవాణా బోర్డును ఆశ్రయించింది. విచారణ సాగుతుండగా 2022 నవంబరులో రాజీ కుదిరింది. 2023లో మార్గాన్ని మెరుగుపరచడానికి కేంద్రం సుమారు 17.8 కోట్ల డాలర్ల గ్రాంటు ఇచ్చింది. 2024 ఆగస్టులో మొబీల్ నగర పాలకమండలి తన వాటా నిధులకు అంగీకరించింది. అప్పటికిగాని నాలుగు ఏర్పాట్లూ కుదరలేదు. ఇప్పుడు న్యూ ఆర్లీన్స్, మొబీల్ నగరాల మధ్య రైళ్లు రోజూ రెండుసార్లు వెళ్లివస్తున్నాయి. మధ్యలో మిసిసిపిలోని నాలుగు ఊళ్లలో ఆగుతాయి. మొబీల్ నుంచి తూర్పున ఫ్లోరిడా దాకా ఉన్న అసలు దూరప్రయాణ భాగం మాత్రం ఇంకా పునరుద్ధరణకు నోచుకోలేదు.

2021 నాటి మౌలిక సదుపాయాల చట్టం ప్రకారం జరిగిన అధ్యయనం దేశంలో 15 దూరప్రయాణ మార్గాలను సూచించింది. జాబితా తయారైంది కాని, నడపడానికి నిధులు దానితోపాటు రాలేదు.

7.5 మన దేశంతో పోలిక

కోవిడ్ వల్ల 2020 మార్చిలో మన ప్రయాణికుల రైళ్లన్నీ ఆగిపోయాయి. మే 12 నుంచే న్యూఢిల్లీని 15 నగరాలతో కలుపుతూ 15 జతల ప్రత్యేక రైళ్లు మొదలయ్యాయి. సికింద్రాబాద్ ఆ నగరాల్లో ఒకటి. పట్టాలు, బోగీలు, సిబ్బంది, నిర్ణయాధికారం ఒకే సంస్థ చేతిలో ఉండడం వల్లే ఇది సాధ్యమైంది.

అంతమాత్రాన మనకు సమస్య లేదనుకోరాదు. ప్రధాన ఎక్స్‌ప్రెస్‌లు ముందు వచ్చాయి, ప్యాసింజర్ రైళ్లు చాలా ఆలస్యంగా వచ్చాయి. కొన్ని చిన్న స్టేషన్లలో హాల్టులు ఎత్తివేశారు. అమెరికాలో అవరోధం అనేకమంది మధ్య ఒప్పందం కుదరకపోవడం. మన దగ్గర అవరోధం ఆ ఒక్క సంస్థ ప్రాధాన్యతల్లో చిన్న ఊరు వెనకబడడం. ఆ ఊరి నుంచి ఉద్యోగానికో, పరీక్షకో వెళ్లవలసిన మనిషికి రెండింటి ఫలితం ఒకటే.

7.6 సారాంశం

రైలు మార్గం నాలుగు ఏర్పాట్ల కలయిక. పట్టాలు మిగిలి ఉన్నా తక్కినవి చెదిరిపోతే పునరుద్ధరణకు దశాబ్దాలు పట్టవచ్చు. అందువల్ల రైలును ఆపే నిర్ణయం తీసుకునేటప్పుడే తిరిగి నడపడానికి అయ్యే ఖర్చును, కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

7.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 750 మైళ్ల నిబంధన పునరుద్ధరణపై చూపే ప్రభావాన్ని వివరించండి.
2. వారానికి మూడు రోజులే రైలు నడిపితే ఆశించిన పొదుపు ఎందుకు రాదు?
3. కృత్యం: మీ సమీప స్టేషన్‌లో ఒకప్పుడు ఆగి, ఇప్పుడు ఆగని రైలు ఒకదాన్ని పెద్దలను అడిగి తెలుసుకోండి. నాలుగు ఏర్పాట్లలో ఏది లోపించిందో ఒక పేజీలో రాయండి.