చాక్లెట్టు వేరు, టాఫీ వేరు



మొన్న మా పక్కింటామె ఒక బిస్కెట్ పొట్లం పట్టుకొచ్చింది. "చూడక్కా, దీనిమీద 'నో యాడెడ్ షుగర్' అని రాసుంది. మా అత్తమ్మకు షుగరు గదా, చాయ్‌తోటి రోజూ నాలుగు ఇయ్యొచ్చా?" అని అడిగింది. డాక్టరు స్వీట్లు మానమన్నాడట. స్వీట్లంటే మన లెక్కలో లడ్డూ, జిలేబీ, డబుల్ కా మీఠా. బిస్కెట్టు స్వీటెట్లవుతుందని ఆమె ధీమా!

ఇంగ్లండు వాళ్ళు 'స్వీట్స్' అనేది పిల్లలు చప్పరించే బిళ్ళలను. అమెరికాలో వాటినే 'క్యాండీ' అంటారు, చాక్లెట్టునూ అందులోనే కలుపుతారు. మనమేమో కాగితం చుట్టిన ప్రతి బిళ్ళనూ చాక్లెట్టే అంటాం. నిజానికి కోకో ఉంటేనే చాక్లెట్టు. చక్కెరనో బెల్లాన్నో వెన్నతో కలిపి పాకం ముదరబెడితే టాఫీ.

తమాషా ఏమంటే, 'షుగర్' మన శర్కరే, పారసీ, అరబ్బీ భాషల మీదుగా అక్కడికి చేరింది. 'క్యాండీ'లో ఉన్నది మన కండచక్కెరలోని 'ఖండ'మే. పుట్టింటి పిల్ల గౌను తొడుక్కొని తిరిగొచ్చినట్టు లేదూ!

ఇక పొట్లం సంగతి. 'నో యాడెడ్ షుగర్' అంటే విడిగా చక్కెర కలపలేదని మాత్రమే. ఖర్జూరంలాంటి వాటిలో సహజంగా ఉండే తీపి ఉండనే ఉంటుంది. 'షుగర్ ఫ్రీ' అని రాయాలంటే మన దేశంలో 100 గ్రాములకు అర గ్రాము మించి చక్కెరలు ఉండకూడదు. అయినా బిస్కెట్టులోని మైదా ఒంట్లోకి పోయాక గ్లూకోజే గదా! పొట్లం వెనక సన్నక్షరాలు చదవండి. 'జాగరీ' అంటే మన బెల్లమే, 'హనీ' తేనె. 'డెక్స్‌ట్రోజ్' అన్నది గ్లూకోజుకు ఇంకో పేరు.

ఇంకొకటి, ఇది ప్రాణం మీది మాట. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగరు మాత్రలు గానీ వాడేవాళ్ళకు ఒక్కోసారి షుగరు పడిపోయి చెమటలు, వణుకు పట్టుకుంటాయి. అప్పుడు 'షుగర్ ఫ్రీ' బిళ్ళ పనికిరాదు. చాక్లెట్టులోని కొవ్వు వల్ల దాని తీపి ఆలస్యంగా ఒంటబడుతుంది. మనిషి తెలివిలో ఉంటే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఇంతా విని మా పక్కింటామె నాలుక కరుచుకుంది. అత్తమ్మ చేతిసంచిలో అక్కరకొస్తాయని షుగర్ ఫ్రీ టాఫీలే పెట్టిందట! అవి తీయించి, గ్లూకోజ్ పొట్లం పెట్టించి వచ్చాను.