వెలుగును కౌలుకు తీసుకున్న నగరం

మా ఊరి పొలిమేరలో రోడ్డు పక్కన, చింతచెట్టు కింద ఒక రాయి ఉంది. మైలురాయి కాదు. దాని మీద ఓ.ఎఫ్.సి. అన్న అక్షరాలూ, ఇక్కడ తవ్వరాదన్న హెచ్చరికా ఉంటాయి. మేకలు కాచే పిల్లలు దాని మీద కూర్చుని చింతకాయలు తినేవారు. 2020లో బళ్ళు మూతపడ్డప్పుడు మా చెల్లెలు కూర్చుంది. అప్పుడది తొమ్మిదో తరగతి. ఇంట్లో ఫోనుకి సిగ్నలు అందదు. ఆ చెట్టు కింద మాత్రం రెండు గీతలు కనబడేవి. ఆ రెండు గీతల దయ మీద దాని లెక్కల పాఠాలన్నీ నడిచాయి. మేష్టారు మొదటి మెట్టు చెప్పగానే బొమ్మ ఆగిపోయేది. మళ్ళీ కదిలేసరికి జవాబు వచ్చేసి ఉండేది. మధ్యలో ఏం జరిగిందో దేవుడికెరుక.

ఎం.యస్సీ.లో ఫైబర్ ఆప్టిక్స్ ప్రయోగం చేస్తున్నప్పుడు నాకు ఆ రాయి గుర్తుకొచ్చింది. ఓ.ఎఫ్.సి. అంటే ఆప్టికల్ ఫైబర్ కేబుల్. అంటే మా చెల్లెలు కూర్చున్న చోటికి మూడు నాలుగడుగుల కింద నుంచి వేలమంది మాటలు, బొమ్మలు, బ్యాంకుల లెక్కలు వెలుగు రూపంలో పరుగెత్తుతున్నాయన్నమాట. దాని పాఠం మాత్రం పైన గాలిలో తడబడుతూ వస్తోంది! గోదారి గట్టున కూర్చుని గొంతు తడవకపోవడమంటే ఇదే కదా అనిపించింది.

సావనీరుకి ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు ఈ సంగతే రాద్దామనుకున్నాను. తీగ ఊరి మీదుగా పోవడం వేరు, ఇంట్లోకి రావడం వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని ఒక నగరం ఎలా దాటాలని చూసిందో, ఎక్కడ కాలు జారిందో చెప్పాలని నా ప్రయత్నం.

ముందు ఈ తీగ సంగతి చూద్దాం. ఇది గాజు పోగు. పై పొరతో కలిపి దీని మందం 125 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుగు నడిచే నడిమి భాగం దూర ప్రయాణపు పోగుల్లో 9 మైక్రాన్లే. లోపలి గాజు వక్రీభవన గుణకం బయటి గాజు కంటే కాస్త ఎక్కువ. అందువల్ల లోపల పడ్డ కిరణం బయటికి పోలేక, సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ ముందుకి సాగిపోతుంది. ఇంటరులో చదువుకున్నదే.

అయితే మొదట్లో గాజులో ఉన్న మలినాలు వెలుగును మింగేసేవి. 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఒక మాట చెప్పారు. కిలోమీటరు దూరం పోయాక నూటికి ఒక వంతు వెలుగు మిగిలే గాజును చేయగలిగితే చాలు, దానితో టెలిఫోన్లు నడపవచ్చునని. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో మౌరర్, కెక్, షుల్ట్జ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు అటువంటి గాజును చేసి చూపించారు. ఈనాటి పోగుల్లో ఆ ఒక వంతు వెలుగు 100 కిలోమీటర్లు పోయాక కూడా మిగులుతుంది. కావోకి 2009లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఇక డబ్బు సంగతి. గాజు చవక, గొయ్యి ఖరీదు. రోడ్డు తవ్వడానికి అనుమతులు, కూలీలు, యంత్రాలు, మళ్ళీ పూడ్చడం, ఖర్చులో పెద్ద పాలు వీటికే పోతుంది. అందుకని తెలివైనవాడు ఒకసారి గొయ్యి తీశాక, తనకు పది పోగులు చాలినా 144 పోగులో, 288 పోగులో ఉన్న కేబులు వేసేస్తాడు. మిగిలిన పోగుల్లో వెలుగుండదు. వాటికే డార్క్ ఫైబర్ అని పేరు. చీకటి పోగులన్నమాట. వాటిని ఊరికే పడుండనివ్వడమెందుకు? కౌలుకి ఇస్తారు.

ఈ కౌలు రెండు రకాలు. మొదటిది వట్టి భూమిని కౌలుకి తీసుకోవడం లాంటిది. చీకటి పోగుని తీసుకుని, రెండు కొసలా మన యంత్రాలు మనం పెట్టుకుని, మన వెలుగు మనమే పంపుకుంటాం. ఏ పంట వేస్తామో, ఎంత పండిస్తామో మన ఇష్టం. ఈవేళ సెకనుకి ఒక గిగాబిట్ పంపినవాళ్ళం రేపు యంత్రం మార్చి వంద గిగాబిట్లు పంపవచ్చు. కౌలు మాత్రం పెరగదు. ఇటువంటి ఒప్పందాలు ఇరవయ్యేళ్ళ వరకూ కూడా ఉంటాయి. రెండవది పక్క రైతు బోరు నుంచి గంటల లెక్కన నీళ్ళు తీసుకోవడం లాంటిది. మోటారు, కరెంటు, మరమ్మతు అన్నీ ఆయనవే. ఇన్ని నీళ్ళకి ఇంత అని మనం కట్టేస్తాం. దీన్ని సామర్థ్యపు కౌలు అనుకోవచ్చు. తలనొప్పి తక్కువ. కాని నీళ్ళు ఇంకొంచెం కావాలంటే ఇంకొంచెం డబ్బు!

ఒక నగరానికి ఇదంతా ఎందుకంటారా? పోలీసు స్టేషన్లు, అగ్నిమాపక కేంద్రాలు, గ్రంథాలయాలు, బళ్ళు, కోర్టులు, నీటి పంపులు, కూడలి దీపాలు, ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. దానికి మూడు దారులున్నాయి. ఒక్కొక్క కనెక్షనుకీ నెలనెలా అద్దె కడుతూ టెలిఫోన్ కంపెనీ మీద ఆధారపడటం ఒకటి. నగరమే సొంతంగా తవ్వి వేసుకోవడం మరొకటి. మూడోది, లాభాపేక్ష లేని ఒక సంస్థ నుంచి కౌలుకి తీసుకోవడం. లాభాపేక్ష లేదంటే డబ్బు మిగలకూడదని కాదు. మిగిలింది వాటాదారులు పంచుకోకుండా మళ్ళీ ఆ పనికే ఖర్చు పెట్టాలని అర్థం.

ఈ మూడో దారిన నడిచిన నగరాల్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ ఒకటి. ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున ఉంది. ఒకప్పుడు ఉక్కు మిల్లులతో, కర్మాగారాలతో వెలిగిన ఊరు. 1950లో 9 లక్షల పైచిలుకు జనం ఉండేవారు. ఫ్యాక్టరీలు మూతపడి, ఉన్నవాళ్ళు శివార్లకు తరలిపోయి, 2020 జనాభా లెక్కల నాటికి 3 లక్షల 72 వేలకు దిగింది. అటువంటి ఊళ్ళో రోడ్లు కొత్తగా తవ్వించే స్తోమత మునిసిపాలిటీకి ఎక్కడిది?

2003లో అక్కడి కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం చొరవతో వన్‌క్లీవ్‌లాండ్ అనే లాభాపేక్ష లేని సంస్థ పుట్టింది. నగర ప్రభుత్వం, క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ, కయహోగా కమ్యూనిటీ కాలేజీ, ప్రజా ప్రసార సంస్థ వగైరాలు చేతులు కలిపాయి. ఎవరికి వారు విడివిడిగా కంపెనీల దగ్గర కొనుక్కునే బదులు, ఒకే నెట్‌వర్కు పెట్టుకుని, ఎవరికెంత కావాలో అంతకి రుసుము కట్టుకుందామన్నది ఆలోచన. నలుగురూ కలిసి చెరువు తవ్వుకుని, ఎవరి వంతు నీళ్ళు వాళ్ళు పెట్టుకోవడం మన పెద్దలకు తెలియని విద్యేమీ కాదు. ఒక విశ్వవిద్యాలయం ఊరి కోసం ఇంత పనికి పూనుకోవడం మాత్రం విద్యార్థులమైన మనం గుర్తుపెట్టుకోదగ్గ సంగతి.

సంస్థ పెరిగింది. వన్‌కమ్యూనిటీ అని పేరు మార్చుకుని చుట్టుపక్కల జిల్లాలకు పాకింది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత అమెరికా ప్రభుత్వం బ్రాడ్‌బాండ్ కోసం 720 కోట్ల డాలర్లు కేటాయించినప్పుడు, అందులో 4 కోట్ల 48 లక్షల డాలర్లు 2010లో ఈ సంస్థకు దక్కాయి. ఆసుపత్రులకు, బళ్ళకు, గ్రంథాలయాలకు గాజు పోగులు చేరాయి. ఇక్కడిదాకా కథ బాగానే ఉంది.

తర్వాత రెండు చోట్ల గొయ్యి ఎదురైంది.

మొదటిది, పోగులు సంస్థలకు చేరాయి గాని ఇళ్ళకు చేరలేదు. 2019 జనగణన సర్వే అంకెలను బట్టి, అమెరికాలోని పెద్ద నగరాల్లో ఇంటర్నెట్ విషయంలో అందరికన్నా వెనుకబడ్డది క్లీవ్‌లాండే అని తేలింది. నూటికి 31 ఇళ్ళ దాకా ఏ రకమైన బ్రాడ్‌బాండూ లేదు. ఇందులో ఒక పాత పాపం కూడా ఉంది. 1930లలో ఇళ్ళ అప్పుల కోసమని ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల పటాలు గీసి, నల్లజాతివారూ పేదవారూ ఉండే పేటలకు ఎర్ర రంగు పూసింది. అప్పు ఇస్తే తిరిగి రాదన్న గుర్తు అది. పెద్ద టెలిఫోన్ కంపెనీ ఒకటి కొత్త తీగలు వేసేటప్పుడు క్లీవ్‌లాండ్‌లోని పేద పేటలనే వదిలేసిందని 2017లో ఒక అధ్యయనం చూపించింది. 2020లో బళ్ళు మూతపడేసరికి అక్కడి పాఠశాలల వారు పిల్లలకు పుస్తకాలతో పాటు కంప్యూటర్లూ, ఇంటర్నెట్ పెట్టెలూ పంచవలసి వచ్చింది. అంత గొప్ప నెట్‌వర్కు పుట్టిన ఊళ్ళోనూ మా చెల్లెలి లాంటి పిల్లలు ఉన్నారన్నమాట!

రెండోది ఇంకా ముఖ్యం. వన్‌కమ్యూనిటీ వారు వ్యాపార సంస్థలకు కూడా సామర్థ్యం అమ్మడానికి ఎవర్‌స్ట్రీమ్ అనే లాభాపేక్ష గల విభాగాన్ని పెట్టారు. కొద్ది సంవత్సరాలకే ఆ వ్యాపారం ప్రైవేటు పెట్టుబడిదారుల చేతికి పోయింది. ఆ కంపెనీ రాష్ట్రాలు దాటి విస్తరించి, అప్పులు పెరిగి, 2025లో దివాలా చట్టం కింద కోర్టుకెక్కింది. దాని ఆస్తులు మరో కంపెనీకి అమ్మకానికి వెళ్ళాయి. ప్రజల సొమ్ముతో, మంచి మనసుతో మొదలైన పని ఎటు తిరిగి ఎటు పోయిందో చూడండి. ఎవరో దొంగతనం చేశారని నేను అనడం లేదు. అమ్మవచ్చునా, అమ్మితే ఎవరికి, ఏ షరతుల మీద అన్నది మొదటి రోజునే కాగితం మీద ఉండాలని మాత్రమే అంటున్నాను.

అయినా ఆ నగరం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అమ్మకం తర్వాత మిగిలిన లాభాపేక్ష లేని భాగం డిజిటల్‌సీ అని పేరు మార్చుకుని, ఈసారి సరాసరి ఇళ్ళ మీద దృష్టి పెట్టింది. ఎత్తైన భవనాల దాకా గాజు పోగు, అక్కడి నుంచి ఇంటికి రేడియో తరంగాలు. నెలకి 18 డాలర్లకి సెకనుకి 100 మెగాబిట్లు ఇస్తామన్నారు. 2023లో నగర కౌన్సిలు కరోనా సహాయ నిధి నుంచి 2 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. దానికి ఒక షరతు పెట్టారు. డబ్బంతా ఒకేసారి ఇవ్వరు. ఇన్ని ఇళ్ళకు అందుబాటు కల్పించాక ఇంత, ఇన్ని ఇళ్ళు నిజంగా చేరాక ఇంత అని లెక్క కట్టి ఇస్తారు. మొదటిసారి తగిలిన దెబ్బ రెండోసారి పాఠమైందని నేననుకుంటాను.

పోల్చి చూడటానికి స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌ను తీసుకుందాం. అక్కడ 1994లో నగరమే స్టోకాబ్ అనే సొంత కంపెనీ పెట్టింది. అది చీకటి పోగులను మాత్రమే కౌలుకిస్తుంది. ఇంటర్నెట్ తాను అమ్మదు. ఎవరు వచ్చినా ఒకే ధర, ఒకే షరతు. గొయ్యి ఒక్కటే, దాని మీద పోటీపడే కంపెనీలు అనేకం. మన ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ఏర్పడిన ఫైబర్‌నెట్ కూడా ప్రభుత్వ కంపెనీయే. అది నేల తవ్వడం తగ్గించి విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగే పద్ధతి పట్టింది. ఎవరి దారి వారిది. ఏ దారిలోనైనా అడగవలసిన ప్రశ్నలు మాత్రం అవే.

తీగ ఎవరిది? కౌలు ఎన్నాళ్ళు? తీగ తెగితే ఎన్ని గంటల్లో అతకాలి? ఒక దారి తెగినా రెండో దారిన వెలుగు పోయేలా చుట్టూ వలయంగా వేశారా? సంస్థ చేతులు మారితే కౌలు నిలుస్తుందా? ఆఖరి ప్రశ్న అన్నిటికన్నా పెద్దది. తీగ పోయే దారిలో ఉన్న పేద ఇంటికి అది ఎప్పుడు, ఎంతకి అందుతుంది? ఈ ఆరూ ఒప్పందంలో లేకపోతే గాజు ఎంత స్వచ్ఛమైనదైనా, సంస్థ ఎంత మంచిదైనా పనికిరాదు. మంచితనం మనుషులతో పోతుంది, రాత మిగులుతుంది.

ఇవి ఇంజనీర్లు మాత్రమే అడిగే ప్రశ్నలు కావు. ఆర్ట్సు చదివేవారు, లా చదివేవారు, కామర్సువారు అందరూ అడగవచ్చు. రేపు మనలో కొందరు పంచాయతీల్లో, మునిసిపాలిటీల్లో, సెక్రటేరియట్‌లో బల్లలకు అటువైపు కూర్చుంటారు. ఇటువంటి ఒప్పందం ఒకటి సంతకానికి రాకపోదు. అప్పుడు చివరి పేజీ దాకా చదవండి మిత్రులారా.

మా చెల్లెలు ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు ఈ వ్యాసం దానికి చదివి వినిపించాను. అంతా విని, "బాగానే ఉంది గాని అక్కా, ఆ రాయి కింద తీగని మనూరికి ఒక కొస ఇమ్మని ఎవరినైనా అడిగారా?" అంది. ఎవరూ అడగలేదు. అడగవచ్చునని మాకెవరికీ తోచనే లేదు. వచ్చే గ్రామసభలో పెడదామని ఇద్దరం కలిసి అర్జీ ఒకటి రాశాం.