కంప్యూటరు శక్తిని తోడేస్తున్నదెవరు?

అక్షరం నొక్కితే తెరమీదికి రావడానికి ఎంతో సేపు పడుతుంది. బొమ్మ తెరవమంటే తెరవదు. లోపలి ఫ్యాను మాత్రం గిర్రున తిరుగుతూ రొద చేస్తుంది. మీ బడిలోని కంప్యూటరు ఎప్పుడైనా ఇలా మొరాయించిందా? "పాతదైపోయింది, ఇక పనికిరాదు" అని చాలామంది తేల్చేస్తారు. కాని అసలు కారణం వేరే ఉండవచ్చు. అదేమిటో చూద్దాం.

కాలువ నిండుగా ఉన్నా...

నాగార్జునసాగర్ కుడికాలువ పల్నాడు పొలాలకు నీరిస్తుంది. కాలువ మొదట్లోనే ఎవరో ఇంజను పెట్టి రాత్రింబగళ్ళు నీరు తోడుకుంటే ఏమవుతుంది? వంతు వచ్చినా చివరి పొలానికి నీరందదు.

కంప్యూటరులో లెక్కలు చేసే భాగం ప్రాసెసరు. 2 గిగాహెర్ట్‌జ్ ప్రాసెసరులోని గడియారం సెకనుకు 200 కోట్లసార్లు కొట్టుకుంటుంది. తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నిటికీ ఈ శక్తిని ఆపరేటింగ్ సిస్టమ్ వంతులవారీగా పంచుతుంది. మనమేమీ చేయనప్పుడు ప్రాసెసరు చాలావరకు ఖాళీగా ఉండాలి. అలా కాక, వాడకం ఎప్పుడు చూసినా 100 శాతం దగ్గరే నిలిచిపోతే, ఏదో ఒక ప్రోగ్రాము తోడేస్తోందన్నమాట!

మాచర్ల వెబ్‌సైటులో దొంగ

2018 సెప్టెంబరులో పత్రికలలో ఒక వార్త వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ డైరెక్టరు, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘాల వెబ్‌సైట్లలో ఎవరో రహస్యంగా ఒక ప్రోగ్రామును చొప్పించారని భద్రతా పరిశోధకులు కనిపెట్టారు. (మాచర్ల అప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. 2022లో పల్నాడు జిల్లాలోకి వచ్చింది.)

ఏమిటా ప్రోగ్రాము పని? మొనెరో వంటి డిజిటల్ నాణేలు ఒక రకం లెక్క చేసిన కంప్యూటరుకు బహుమతిగా లభిస్తాయి. ఈ లెక్కకు దగ్గరిదారి లేదు. ఒక సంఖ్య వేసి చూడాలి, కుదరకపోతే మరొకటి. ఇలా కోట్లసార్లు! దీనికి కరెంటు బాగా ఖర్చవుతుంది. అందుకే దొంగలు పరాయి ప్రాసెసర్లమీద పడ్డారు. పేజీ తెరిచి ఉన్నంతసేపూ చూసేవారి కంప్యూటరు లెక్కలు చేస్తుంది, నాణేలు దొంగకు చేరతాయి. ఇటువంటి ప్రోగ్రాములను అందించిన కాయిన్‌హైవ్ అనే సంస్థ 2017లో మొదలై, 2019 మార్చిలో మూతపడింది. కాని ఆ పద్ధతి దానితో అంతరించిపోలేదు.

పట్టుకోవడం ఎలా?

విండోస్ కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సి.పి.యు. అనే మాటమీద నొక్కితే ఎక్కువ వాడుకుంటున్న ప్రోగ్రాము పైకి వస్తుంది.

అది బ్రౌజరైతే, పేజీలను ఒక్కొక్కటిగా మూసి చూడండి. ఏ పేజీ మూయగానే శాతం దిగిపోతుందో దొంగ అందులోనే ఉండవచ్చు. అన్నీ మూసినా దిగకపోతే బ్రౌజరునే పూర్తిగా ఆపండి. కొందరు దొంగలు ఒక చిన్న కిటికీని తెర అడుగున ఉండే గడియారం వెనుక దాచేవారు!

యాంటీవైరస్ తనిఖీ, విండోస్ అప్‌డేట్ కూడా కాసేపు ప్రాసెసరును బాగా వాడుకుంటాయి. వాటిని పని ముగించుకోనివ్వండి. పేరు తెలియని ప్రోగ్రామును మాత్రం తొందరపడి ఆపకండి, మీ ఉపాధ్యాయునికి చూపండి. శాతం తక్కువగా ఉన్నా కంప్యూటరు నెమ్మదిగానే ఉంటే తప్పు ప్రాసెసరుది కాదు. మెమొరీనీ, డిస్కునూ అనుమానించాలి.

ఎండా, దుమ్మూ

దొంగ ఎవరూ లేకపోయినా ప్రాసెసరు నెమ్మదించవచ్చు. బాగా వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి అది గడియారం వేగాన్ని తగ్గించుకుంటుంది. అప్పుడు చిన్నపనికి కూడా ఎక్కువసేపు శ్రమించాలి. ఎండలకు పేరుపడ్డ రెంటచింతలలోనూ, సున్నపు బట్టీల పిడుగురాళ్ళలోనూ ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి. గాలి రంధ్రాలకు దుమ్ము పడితే వేడి బయటికి పోదు. కంప్యూటరును గోడకు ఆనించకుండా జరపండి. ప్లగ్గు తీసిన తరువాత పెద్దల చేత దుమ్ము దులిపించండి.

కొత్త కంప్యూటరు కావాలని అడిగే ముందు టాస్క్ మేనేజరును ఒకసారి తెరవండి. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత శాతం చూపుతోందో రాసిపెట్టుకోండి. ఆ అంకె తెలిస్తే, రేపు దొంగ వచ్చినప్పుడు మీకు వెంటనే తెలిసిపోతుంది!