పెట్రోల్ లెక్క చూసే లాంబ్డా సెన్సర్

ఒక లీటరు పెట్రోల్ పూర్తిగా కాలాలంటే దాదాపు 9,000 లీటర్ల గాలి కావాలి. బరువులో చెప్పుకుంటే 1 కిలో పెట్రోల్‌కు 14.7 కిలోల గాలి. గాలి ఇంతకంటే తగ్గితే కొంత పెట్రోల్ సరిగా కాలకుండానే సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. మెకానిక్‌లు దీన్ని ‘రిచ్’ మిశ్రమం అంటారు. గాలి ఎక్కువైతే అది ‘లీన్’. కారు అనుకున్నదానికంటే ఎక్కువ పెట్రోల్ తాగడానికి కారణాలు చాలానే ఉన్నా, బయటికి కనిపించకుండా నెలల తరబడి జేబుకు చిల్లుపెట్టేది ఈ రిచ్ మిశ్రమమే. అది రాకుండా చూసే పని ఇప్పటి ఇంజిన్లలో ఒక చిన్న పింగాణీ ముక్క మీద ఉంది. దాని పేరు లాంబ్డా సెన్సర్. వర్క్‌షాపుల్లో ఆక్సిజన్ సెన్సర్ అంటారు.

అది రాకముందు పెట్రోల్, గాలి కలిపే బాధ్యత మొత్తం కార్బ్యురేటర్‌దే. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించిన తుంపర కార్బ్యురేటర్ సూత్రమే, ఎన్నో మార్పులతో, 1983లో మన రోడ్లెక్కిన మారుతి 800 దాకా వచ్చింది. లోపలికి దూసుకెళ్లే గాలి సన్నని రంధ్రం నుంచి పెట్రోల్‌ను పీల్చుకుపోవడమే అందులోని కిటుకు. కాలిన తర్వాత ఏం మిగిలిందో చూసే కన్ను దానికి లేదు. 2,200 మీటర్ల ఎత్తున్న ఊటీకి ఎక్కేసరికి గాలి పలచబడి మిశ్రమం దానంతటదే రిచ్ అయ్యేది. తెల్లవారుజామున బండి స్టార్ట్ చేయడానికి లాగిన చోక్‌ను తిరిగి లోపలికి నెట్టడం మరిచిపోతే ఆ రోజు పెట్రోల్ ఖర్చు చెప్పనక్కర్లేదు.

ఆ కన్నుకు కావలసిన శాస్త్రం మాత్రం 19వ శతాబ్దం చివరికే సిద్ధమైంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ కొత్తరకం విద్యుద్దీపం కోసం ప్రయోగాలు చేస్తూ, ఇట్రియా కలిపిన జిర్కోనియా అనే పింగాణీని బాగా వేడిచేస్తే దానిగుండా విద్యుత్తు పారుతుందని గమనించాడు. ఆ విద్యుత్తును మోసేవి ఆక్సిజన్ అయాన్లు. అలా వేడెక్కిన పింగాణీకి ఒకవైపు ఆక్సిజన్ ఎక్కువగా, మరోవైపు తక్కువగా ఉంటే రెండు ముఖాల మధ్య వోల్టేజ్ పుడుతుంది. ఎంత పుడుతుందో చెప్పే సూత్రం కూడా నెర్న్‌స్ట్ పేరుతోనే ఉంది. ఆయన దీపం మార్కెట్లో నిలవలేదు, పింగాణీ నిలిచింది.

దాన్ని కారులోకి తెచ్చింది పెట్రోల్ పొదుపు కాదు, పొగ. అమెరికాలో 1970 నాటి స్వచ్ఛవాయు చట్టం వాహనాల కాలుష్యాన్ని బాగా తగ్గించమంది. మూడు రకాల విషవాయువులను ఒకేసారి శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టర్ తయారైంది కానీ, మిశ్రమం 14.7 దగ్గర నుంచి కాస్త అటూ ఇటూ అయినా అది సరిగా పనిచేయదు. అంత కచ్చితత్వం ఏ కార్బ్యురేటర్ స్క్రూకూ సాధ్యం కాదు. జర్మనీలోని బాష్ సంస్థ సెన్సర్‌ను తయారుచేసింది. 1976లో కాలిఫోర్నియా కోసం చేసిన వోల్వో కార్లలో అది మొదటిసారి మార్కెట్లోకి వచ్చింది. సరైన మిశ్రమాన్ని ఇంజినీర్లు లాంబ్డా అనే గ్రీకు అక్షరంతో ‘లాంబ్డా ఒకటి’ అంటారు. సెన్సర్‌కు ఆ పేరు అలా వచ్చింది.

చేతిలోకి తీసుకుంటే అది స్పార్క్ ప్లగ్‌లా ఉంటుంది. మరలున్న ఉక్కు ఒడలు, చివర చిల్లులున్న లోహపు తొడుగు, ఆ తొడుగులో దర్జీ వేలికి తొడుక్కునే టోపీ అంత జిర్కోనియా. దాని లోపలా బయటా పలచని ప్లాటినం పూత. లోపలికి బయటి గాలి అందుతుంది, వెలుపలి ముఖాన్ని ఇంజిన్ పొగ తాకుతుంది. 300 డిగ్రీలు దాటి వేడెక్కితేనే అది మాట్లాడుతుంది. మిశ్రమం రిచ్ అయితే 0.8 వోల్టుల పైన, లీన్ అయితే 0.1 వోల్టు దరిదాపుల్లో చూపుతుంది. ఆ సంకేతాన్ని బట్టి ఇంజిన్ కంప్యూటర్ పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లను కాస్త ఎక్కువసేపో తక్కువసేపో తెరుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్లో ఈ వోల్టేజ్ నిలకడగా ఉండదు, అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. తక్కువ వోల్టేజ్ అంటే కంప్యూటర్‌కు తెలిసిన అర్థం ఒక్కటే: గాలి ఎక్కువైంది, పెట్రోల్ పెంచాలి. మసి, ఇంజిన్ ఆయిల్ పట్టి ముసలిదైన సెన్సర్ నీరసంగా తక్కువ వోల్టేజే ఇస్తుంటే, కంప్యూటర్ దాన్నే నమ్మి పెట్రోల్ పోస్తూపోతుంది. సెన్సర్ బాగున్నా మోసపోవచ్చు. దానికి ముందున్న పైపులో పగులుంటే బయటి గాలి చొరబడుతుంది. ఒక ప్లగ్ సరిగా వెలగకపోతే ఆ సిలిండర్‌లో వాడని ఆక్సిజన్ అలాగే పొగలోకి వస్తుంది. రెండు సందర్భాల్లోనూ సెన్సర్ నిజమే చెబుతుంది: ఆక్సిజన్ ఉంది. కంప్యూటర్ తప్పు అర్థం తీసుకుంటుంది. ఇంజిన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుంటే కథ వేరు. ఇంజిన్ వేడెక్కదు, ఇంకా చలిగానే ఉందనుకుని కంప్యూటర్ అదనపు పెట్రోల్ ఇస్తూనే ఉంటుంది.

ఈ సెన్సర్‌కూ, కెటలిటిక్ కన్వర్టర్‌కూ పెద్ద శత్రువు సీసం. అందుకే మన దేశంలో 1995లో మహానగరాల్లో కెటలిటిక్ కన్వర్టర్లతో పాటే సీసం లేని పెట్రోల్ వచ్చింది. 2000 నాటికి దేశమంతా అదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలతో చాలా మోటార్ సైకిళ్ల సైలెన్సర్ పైపుల్లోకీ సెన్సర్ చేరింది. ఇప్పుడు దాని మీద ఇథనాల్ భారం కూడా పడింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్ కంటే మూడోవంతు తక్కువ. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌లో శక్తి 6–7 శాతం తగ్గుతుంది. అది కాలడానికి గాలి కూడా తక్కువ చాలు. కంప్యూటర్ ఈ తేడాను సెన్సర్ ద్వారానే పసిగట్టి ఇంధనం పెంచుతుంది. ఆ మేరకు మైలేజ్ తగ్గడం సెన్సర్ తప్పు కాదు, దాని పని అది చేస్తోందన్నమాట.

కంపెనీ చెప్పిన మైలేజ్ రాలేదని కంగారుపడటమూ అనవసరం. ఆ అంకె పరీక్షాశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి, గంటకు 90 కిలోమీటర్లు మించకుండా నడిపి తేల్చింది. అదే దారిలో, అదే బరువుతో, అదే కారు నిన్నమొన్నటి దాకా ఇచ్చిన మైలేజ్ పడిపోయిందా అన్నదే చూడాలి. టైర్లలో గాలి సరిపోను ఉండీ పడిపోతే స్కానర్ పెట్టించాలి. కంప్యూటర్ ఎంత శాతం పెట్రోల్ అదనంగా కలుపుతోందో ‘ఫ్యూయల్ ట్రిమ్’ అనే అంకె చెబుతుంది. ఆ అంకెను తెర మీద చూపించమని మెకానిక్‌ను అడగండి. పైపు లీకు, ప్లగ్‌లు, థర్మోస్టాట్ చూసిన తర్వాతే సెన్సర్ మార్చే మాట ఒప్పుకోండి.