నైనిటాల్ కొండకు కాలువలే కాపలా

నైనిటాల్ వెళ్ళినవారు ముందుగా చూసేది సరస్సునే. ఉత్తరాఖండ్‌లో, సముద్రమట్టానికి దాదాపు 1,938 మీటర్ల ఎత్తున, కొండల నడుమ మూత్రపిండం ఆకారంలో ఉంటుంది ఆ సరస్సు. పడవ షికారు చేసి, మాల్ రోడ్డులో తిరిగి, ఆకాశం నిర్మలంగా ఉంటే స్నో వ్యూ నుంచి మంచుకొండలను చూసి యాత్రికులు తిరిగి వస్తారు. కాని కొండవాలు మీద నుంచి సరస్సులోకి దిగే రాతి కాలువలను గమనించేవారు అరుదు. ఈ ఊరు నిలిచి ఉండటానికి అవి కూడా ఒక కారణం.

ఆ రోజు ఏం జరిగింది?

1841 ప్రాంతంలో ఇక్కడ ఇళ్ళు కట్టటం మొదలైంది. నలభై ఏళ్ళు తిరగకుండానే, 1880 సెప్టెంబరు 18న, పెద్ద ప్రమాదం జరిగింది. అంతకుముందు రెండు రోజులుగా కుండపోతగా వాన. ఉదయం షేర్ కా డాండా కొండ నుంచి కొంత భాగం జారి ఒక హోటలు మీద పడింది. చిక్కుకున్నవారిని బయటకు తీయటానికి అధికారులు, సైనికులు, కూలీలు చేరుకున్నారు. మధ్యాహ్నం అదే వాలు నుంచి మరింత పెద్ద భాగం విరుచుకుపడింది. మొత్తం 151 మంది మరణించారు. సాయం చేయటానికి వచ్చినవారూ వారిలో ఉన్నారు.

నీరు కొండను ఎలా కదిలిస్తుంది?

ఇసుకలో పిచ్చుకగూడు కట్టిన వారందరికీ ఒక సంగతి తెలుసు. కాస్త తడిగా ఉన్న ఇసుక నిలుస్తుంది. అదే ఇసుకలో చెంబెడు నీళ్ళు పోస్తే గూడు కూలిపోతుంది. కొండ విషయంలోనూ ఇటువంటిదే జరుగుతుంది.

వాలు మీద ఉన్న మట్టిని, రాళ్ళను గురుత్వాకర్షణ కిందికి లాగుతుంది. వాటి అడుగున ఉండే ఘర్షణ ఆపుతుంది. పై పొర కింది పొరను ఎంత గట్టిగా అదిమితే ఘర్షణ అంత ఎక్కువ. వాననీరు సందుల్లో నిండినప్పుడు దాని పీడనం పై పొరను కొంత ఎత్తిపడుతుంది. అదుముడు తగ్గుతుంది, ఘర్షణా తగ్గుతుంది. నీటి బరువు అదనం. నైనిటాల్ కొండల్లో పలకరాయి, షేల్ వంటి పొరలు పొరలుగా విడిపోయే రాళ్ళు ఎక్కువ కాబట్టి నీరు సులువుగా లోపలికి దిగుతుంది.

కాలువల పని

1880 తరువాత ఇక్కడ కాలువల వలయాన్ని విస్తరించారు. సూత్రం చాలా సులువు: వాన కొండలోకి ఇంకకముందే దాన్ని సరస్సుకు చేర్చాలి. చెత్త, ఇళ్ళు కట్టగా మిగిలిన రాళ్ళు, మట్టి కాలువకు అడ్డుపడితే నీరు పొర్లి వాలులోకే దిగుతుంది. అడ్డుపడని చెత్త సరస్సులోకి చేరుతుంది; ఊరి తాగునీటికి ఆధారం ఆ సరస్సే. మరోవైపు, సరస్సు నుంచి నీరు బయటకు పోయే బలియానాలా ఒడ్డు పలుమార్లు విరిగిపడటంతో కొన్ని కుటుంబాలను అక్కడి నుంచి తరలించవలసి వచ్చింది.

మీరు ఎప్పుడైనా నైనిటాల్ వెళితే, మొదట్లో వంగి, పైకి నిటారుగా పెరిగిన చెట్ల కోసం చూడండి. కింద నేల నెమ్మదిగా జారుతోందనటానికి అది ఒక గుర్తు కావచ్చు. చేతిలోని బిస్కట్ పొట్లం కాగితాన్ని మాత్రం కాలువలో వేయకండి. కొండను కాపాడే పనిలో యాత్రికుడు చేయగలిగిన సాయం అది.