వార్తల్లో పదం: ప్లేమ్ వ్యవహారం
ఇరాక్ అధినేత సద్దాం ఆఫ్రికాలో యురేనియం కోసం ప్రయత్నించాడని 2003 జనవరిలో అమెరికా అధ్యక్షుడు బుష్ ప్రకటించారు. అంతకు ఏడాది ముందే నైజర్ వెళ్లి ఆరా తీసిన మాజీ దౌత్యవేత్త జోసెఫ్ విల్సన్, ఆ మాటలో పస లేదని జులై 6న న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. ఎనిమిది రోజులకే ఆయన భార్య వాలెరీ ప్లేమ్ సీఐఏ మనిషంటూ రాబర్ట్ నోవాక్ తన కాలమ్‌లో బయటపెట్టారు. రహస్య గూఢచారిగా ఆమె కొలువు ఆ పూటతో ముగిసినట్టే. విచిత్రమేమిటంటే, పేరు లీక్ చేసినందుకు ఎవరికీ శిక్ష పడలేదు. ఉపాధ్యక్షుడు చేనీ సహాయకుడు స్కూటర్ లిబ్బీ మాత్రం దర్యాప్తులో అబద్ధాలాడి 2007లో దోషిగా తేలారు. ఆయన 30 నెలల జైలుశిక్షను బుష్ తప్పించారు. 2018లో ట్రంప్ క్షమాభిక్ష కూడా పెట్టారు.

ఈ ఉదంతంపై డగ్ లైమన్ తీసిన ‘ఫెయిర్ గేమ్’ (2010)లో నవోమీ వాట్స్, షాన్ పెన్ నటించారు. ఛేజింగుల కన్నా ఆ దంపతుల కాపురంలో వచ్చిన బీటలే సినిమాకు అసలు బలం.