సంగటిముద్దకును కొలత గలదు

అనంతపురపు మెట్టసీమలో రాగిసంగటి, వేరుసెనగ చిరపరిచితములు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. అంతే బియ్యములో 10కి మించదు. ఎముకలకు రాగులు మేలు. అట్లని మధుమేహరోగి సంగటిని ఎంతైనను తినవచ్చునని మనము తలపరాదు. రాగులలో మూడింట రెండు పాళ్లు పిండిపదార్థమే. వేరుసెనగలోని మాంసకృత్తులు ఎదిగెడి బిడ్డకు బలము, మూత్రపిండములు చెడినవారికి భారము.

ఇందుచేతనే పోషణశాస్త్రమును, రోగుల పథ్యశాస్త్రమును కలిపి నేర్వవలెను. పట్టభద్ర తరగతులలో ఆహారమును, శరీరధర్మమును గ్రహించి, స్నాతకోత్తర దశలో రోగములను, ఆసుపత్రి అనుభవమును జోడింతురు. 1968లో అనంతపురమున వెలసిన శ్రీ సత్యసాయి మహిళా కళాశాల, నేడు విశ్వవిద్యాలయ ప్రాంగణమై, ఆహార పోషణశాస్త్రమును స్నాతకోత్తర స్థాయి వరకు బోధించుచున్నది. పథ్యము చెప్పువారికి రోగముతోపాటు మన వంటయిల్లును తెలిసియుండవలెను గదా!